పెన్సిల్వేనియాలో బేస్‌మెంట్, డెక్ పనులు: టౌన్‌షిప్ తరఫున ప్రైవేటు ఏజెన్సీ తనిఖీకి వచ్చినప్పుడు ఏం చేయాలి

పెన్సిల్వేనియాలో ఇల్లు కొనుక్కున్న తెలుగు కుటుంబాలు రెండు మూడేళ్లు తిరిగేసరికి బేస్‌మెంట్ ఫినిష్ చేయించడం గురించో, ఇంటి వెనక డెక్ వేయించడం గురించో ఆలోచించడం మామూలే. అమ్మానాన్నలు వచ్చి ఆరు నెలలు ఉంటారంటే కింద ఒక పడక గది, బాత్‌రూమ్ తప్పనిసరి అనిపిస్తుంది. తీరా టౌన్‌షిప్ ఆఫీసుకు వెళ్తే పర్మిట్ కాగితాలు తీసుకుంటారు గానీ, డ్రాయింగులు చూసేదీ తనిఖీకి వచ్చేదీ తమ ఉద్యోగి కాదని, ఫలానా ప్రైవేటు ఏజెన్సీ అని చెబుతారు. ఆ వచ్చిన ఇన్‌స్పెక్టర్‌ను కొందరు తాము డబ్బిచ్చి పెట్టుకున్న మనిషిలా చూస్తారు. మరికొందరు అతని నోటి మాటే చట్టమనుకుని కారణమైనా అడగరు. రెండూ సరికావు. ఏజెన్సీ ప్రైవేటుదే అయినా అది వాడుతున్నది టౌన్‌షిప్ అప్పగించిన ప్రభుత్వ అధికారం. అందువల్ల ఆ అధికారానికి మనం లోబడాలి. అదే కారణంగా దానికి చట్టం పెట్టిన గడువులు, హద్దులు మనకు రక్షణగానూ ఉంటాయి.

ఈ ఏర్పాటు ఎక్కడి నుంచి వచ్చింది

1999కి ముందు ఈ రాష్ట్రంలో ఏ ఊరి నిర్మాణ నిబంధనలు ఆ ఊరివి. చాలా ఊళ్లలో నిబంధనలే లేవు. 1999 నవంబరు 10న గవర్నర్ టామ్ రిడ్జ్ సంతకంతో 45వ నంబరు చట్టంగా వచ్చిన నిర్మాణ కోడ్ చట్టం రాష్ట్రమంతటికీ ఒకే యూనిఫామ్ కన్‌స్ట్రక్షన్ కోడ్‌ను (యు.సి.సి.) తెచ్చింది. దాని అమలు 2004 ఏప్రిల్‌లో మొదలైంది. కోడ్ ఒకటే అయినా దాన్ని అమలు చేసే బాధ్యతను స్థానిక సంస్థలకు ఇచ్చారు. పెన్సిల్వేనియాలో సిటీలు, బరోలు (చిన్న పట్టణాలు), టౌన్‌షిప్పులు కలిపి 2,500కు పైగా ఉన్నాయి. వాటిలో చాలావాటి జనాభా మన దగ్గర ఒక మోస్తరు గ్రామ పంచాయతీని మించదు. నిర్మాణం, విద్యుత్తు, ప్లంబింగ్, మెకానికల్ విభాగాలన్నింటిలో సర్టిఫికెట్ ఉన్న ఉద్యోగులను ఏడాది పొడవునా జీతమిచ్చి పెట్టుకోవడం అలాంటి ఊళ్లకు అయ్యే పని కాదు. అందుకే సొంత ఉద్యోగిని నియమించుకోవడం, పొరుగు ఊళ్లతో కలిసి నడపడం అనే దారులతో పాటు, రాష్ట్ర కార్మిక, పరిశ్రమల శాఖ సర్టిఫికెట్ పొందిన ప్రైవేటు ఏజెన్సీతో ఒప్పందం చేసుకునే దారిని కూడా చట్టం తెరిచి ఉంచింది. ఎక్కువ ఊళ్లు ఆ దారినే పట్టాయి.

మొదటి మెట్టు: మీ ఊరు ఏ పద్ధతిలో ఉందో కనుక్కోండి

చిరునామాలో రాసే ఊరి పేరు, మీరు పన్ను కట్టే టౌన్‌షిప్ పేరు చాలాసార్లు వేరువేరుగా ఉంటాయి. ఆస్తి పన్ను బిల్లులో ఏ మునిసిపాలిటీ పేరుందో చూసి, ఆ ఆఫీసుకే ఫోన్ చేయాలి. అడగవలసిన మొదటి ప్రశ్న, ఆ ఊరు కోడ్ అమలు బాధ్యతను తీసుకుందా లేదా అన్నది. తొంభై శాతానికి పైగా ఊళ్లు తీసుకున్నాయి. తీసుకున్న ఊళ్లలో ఏజెన్సీని ఎంచుకునేది టౌన్‌షిప్పే. కొన్ని చోట్ల రెండు మూడు ఏజెన్సీల పేర్లిచ్చి, అందులో ఒకదాన్ని మీ ఇష్టానికి వదులుతారు.

బాధ్యత తీసుకోని కొద్దిపాటి ఊళ్లలో కోడ్ వర్తించదని, పర్మిట్ గొడవే ఉండదని మనవాళ్లలో ఒక అపోహ ఉంది. అది నిజం కాదు. అలాంటి చోట నివాస గృహాలకు సర్టిఫికెట్ ఉన్న ఏజెన్సీని యజమానే వెతికి పెట్టుకుని తనిఖీలు చేయించుకోవాలి. వాణిజ్య భవనాలను రాష్ట్ర శాఖే నేరుగా చూస్తుంది.

రెండో ప్రశ్న, బిల్డింగ్ కోడ్ అధికారి ఎవరన్నది. పర్మిట్ ఇచ్చేది, నిరాకరించేది, పని ఆపమని ఆదేశించేది ఆ అధికారే. ఇంటికి వచ్చే ఇన్‌స్పెక్టర్ అతని తరఫున పని చేస్తాడు. ఏజెన్సీ మీదే పూర్తిగా ఆధారపడిన టౌన్‌షిప్పుల్లో ఈ అధికారి కూడా ఏజెన్సీ ఉద్యోగే అయి ఉంటాడు. పేరు, ఈమెయిల్ ఇప్పుడే రాసి పెట్టుకుంటే, తరువాత ఏదైనా తేడా వస్తే ఎవరికి రాయాలో వెతుక్కోనక్కరలేదు. ఏజెన్సీ సర్టిఫికెట్ అమల్లో ఉందో లేదో రాష్ట్ర శాఖ ద్వారా తెలుసుకోవచ్చు.

రెండో మెట్టు: పర్మిట్ కావాలా, అక్కరలేదా

రంగులు వేయడం, కార్పెట్ మార్చడం, 6 అడుగులు మించని కంచె, 4 అడుగులు మించని, మట్టి జారకుండా ఆపే గోడ, నేల నుంచి 30 అంగుళాలు దాటని, పైకప్పు లేని డెక్ వంటి వాటికి యు.సి.సి. పర్మిట్ అవసరం లేదు. ఇంటికి అనుబంధంగా విడిగా కట్టే, 1,000 చదరపు అడుగుల లోపు షెడ్డుకు, గరాజ్‌కు కూడా మినహాయింపు ఉంది. అయితే ఇవన్నీ నిర్మాణ కోడ్ మినహాయింపులే. జోనింగ్ (స్థలంలో ఏది, ఎక్కడ కట్టవచ్చో చెప్పే స్థానిక నిబంధనలు) అనుమతి వేరు. కంచెకైనా షెడ్డుకైనా అది చాలా చోట్ల కావాలి.

బేస్‌మెంట్ దగ్గరే చిక్కు ఉంది. ఇంటి ఆధార నిర్మాణాన్ని గాని, బయటికి వెళ్లే దారిని గాని మార్చని మార్పులకు చట్టంలో మినహాయింపు ఉందన్న మాట నిజమే. కొందరు కాంట్రాక్టర్లు దీన్నే చూపించి, పర్మిట్ లేకుండా కానిచ్చేద్దామంటారు. కానీ బేస్‌మెంట్‌లో పడక గది పెట్టిన క్షణం బయటపడే దారి ప్రశ్న వస్తుంది. కొత్త సర్క్యూట్లు, బాత్‌రూమ్ డ్రెయిన్ లైన్లు ఉంటే టౌన్‌షిప్పులు పర్మిట్ అడుగుతాయి. పైగా పాత స్థానిక ఆర్డినెన్సులు కొన్ని ఇంకా అమల్లో ఉన్నాయి. కాబట్టి చేయబోయే పనిని నాలుగు వాక్యాల్లో ఈమెయిల్‌లో రాసి, పర్మిట్ కావాలో లేదో రాతపూర్వకంగా చెప్పమని అడగండి. అక్కరలేదని జవాబు వస్తే దాన్ని ఇంటి కాగితాలతో దాచి ఉంచండి.

పెద్దవాళ్ల కోసం వేసే గదిని డ్రాయింగులో "ఆఫీసు" అనో "మీడియా రూమ్" అనో రాసి, పని అయ్యాక మంచం వేసుకోమని సలహా ఇచ్చేవాళ్లు ప్రతి వాట్సాప్ గ్రూపులోనూ ఉంటారు. ఇలా ఎందుకు చెబుతారంటే, ఇప్పటికే ఉన్న బేస్‌మెంట్‌ను మార్చేటప్పుడు అత్యవసర కిటికీ పెట్టాలనే నిబంధన కొత్త పడక గదికే వర్తిస్తుంది. కాంక్రీటు గోడను కోసి, బయట గొయ్యి తవ్వి ఆ కిటికీ పెట్టించడానికి చాలా ఖర్చవుతుంది. కానీ నిబంధన పెట్టిందే రాత్రి నిద్రలో ఉండగా మెట్ల దారి పొగతో నిండిపోతే కింద పడుకున్నవాళ్లు బయటపడటానికి. కీళ్ల నొప్పులున్న డెబ్బై ఏళ్ల మనిషిని ఆ కిటికీ లేని గదిలో పడుకోబెట్టడం, నా దృష్టిలో, ఈ పనంతటిలోనూ ఎవరూ చేయకూడని పొదుపు.

మూడో మెట్టు: దరఖాస్తుకు ముందు

జోనింగ్ అధికారి వేరు, బిల్డింగ్ కోడ్ అధికారి వేరు. డెక్‌కు సరిహద్దు నుంచి వదలవలసిన దూరం జోనింగ్ విషయం. దాని స్తంభాల కింద పోసే ఫుటింగ్ (కాంక్రీటు పునాది) లోతు కోడ్ విషయం. మీ కాలనీకి గృహ యజమానుల సంఘం ఉంటే దాని అనుమతి మూడోది. ఒకటి వచ్చిందంటే మిగతా రెండూ వచ్చినట్టు కాదు.

కాంట్రాక్టర్ విషయంలో ఈ రాష్ట్రంలో మంచి రక్షణ ఉంది, మనవాళ్లు దాన్ని తక్కువగా వాడుకుంటారు. 2009 జులై 1 నుంచి అమల్లో ఉన్న గృహ మరమ్మతుల వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ఏడాదికి 5,000 డాలర్లు, అంతకు మించి ఇంటి పనులు చేసే కాంట్రాక్టరు అటార్నీ జనరల్ కార్యాలయంలో నమోదు చేసుకోవాలి. ఆ నమోదు నంబరు ఒప్పందంలో ఉండాలి. 500 డాలర్లు దాటిన పనికి రాతపూర్వక ఒప్పందం ఉండాలి, సంతకం చేసిన మూడు పని దినాల్లోపు రద్దు చేసుకునే హక్కు మీకుంటుంది. పెద్ద ఒప్పందాల్లో అడ్వాన్సు, ప్రత్యేకంగా తెప్పించే సామాను ఖర్చును పక్కన పెడితే, మొత్తంలో మూడో వంతు మించకూడదు. పర్మిట్ ఎవరు తీస్తారు, తనిఖీలకు ఎవరు పిలుస్తారు, ఫెయిలైతే సరిచేసే ఖర్చు ఎవరిది అన్న మూడు మాటలు ఒప్పందంలో ఉండాలని పట్టుబట్టండి. "పర్మిట్ మీ పేరు మీద తీసుకోండి, త్వరగా వస్తుంది" అనే కాంట్రాక్టర్‌ను ఒకసారి అనుమానించడం మంచిది. పర్మిట్ ఎవరి పేరు మీద ఉంటే జవాబుదారీ వాళ్లే అవుతారు.

నాలుగో మెట్టు: దరఖాస్తు, గడువు

బేస్‌మెంట్‌కు సాధారణంగా ఇంజనీరు ముద్ర అక్కరలేదు. కొలతలతో గీసిన ప్లాను చాలు. గది ఎత్తు, కొత్త గోడలు, కిటికీ కొలతలు, స్మోక్ అలారంల స్థానాలు, బాత్‌రూమ్ ఉంటే దాని డ్రెయిన్ లైన్లు, విద్యుత్ ప్యానెల్ ముందు వదిలిన ఖాళీ అందులో కనపడాలి. డెక్ అయితే ఫుటింగ్ లోతు, స్తంభాల మధ్య దూరం, ఇంటికి బిగించే లెడ్జర్ బోర్డు వివరం అడుగుతారు. ఏ సంవత్సరపు కోడ్ ప్రకారం చూస్తారో కూడా అడగండి, ఎందుకంటే రాష్ట్రం కొన్నేళ్లకోసారి కొత్త ఎడిషన్‌కు మారుతుంది. ఇంకో జాగ్రత్త: యూట్యూబ్‌లో చూసే జాతీయ నిబంధనలు ఇక్కడ యథాతథంగా ఉండవు. ఉదాహరణకు ఇళ్లలో మెట్టు ఎత్తు 8¼ అంగుళాల వరకు, మెట్టు మీద పాదం పెట్టే భాగం లోతు కనీసం 9 అంగుళాలు అని పెన్సిల్వేనియా సడలించుకుంది. విడిగా ఉండే ఇళ్లలో స్ప్రింక్లర్లు (మంటలు ఆర్పే నీటి జల్లులు) తప్పనిసరన్న జాతీయ నిబంధనను 2011లో శాసనసభ తీసివేసింది.

ఫీజు టౌన్‌షిప్ తీర్మానం ప్రకారం ఉంటుంది. దాని మీద శిక్షణ నిధి కింద ప్రతి పర్మిట్‌కూ 4.50 డాలర్ల రాష్ట్ర రుసుము కలుస్తుంది. చెక్కు ఏజెన్సీ పేరు మీద రాయమన్నా ఆశ్చర్యపోనక్కరలేదు, రసీదు మాత్రం తీసుకోండి.

నివాస గృహాల దరఖాస్తుపై 15 పని దినాల్లోపు అవుననో కాదనో తేల్చాలి. తేల్చకపోతే, గడువు పొడిగింపుకు మీరు రాతపూర్వకంగా ఒప్పుకొని ఉండకపోతే, దరఖాస్తు ఆమోదం పొందినట్టే నిబంధనలు భావిస్తాయి. ఈ హక్కు నిజమైనదే గానీ, పదహారో రోజున సుత్తి పట్టుకుని మొదలుపెట్టడం తెలివైన పని కాదు. పూర్తి దరఖాస్తు ఏ తేదీన అందిందో చూపే ఈమెయిల్‌ను జత చేసి, బిల్డింగ్ కోడ్ అధికారికీ టౌన్‌షిప్ మేనేజరుకూ ఒకేసారి రాయండి. మామూలుగా ఆ ఉత్తరమే పర్మిట్‌ను బయటికి తెస్తుంది. నిరాకరిస్తే కారణాలు రాసి ఇవ్వాలి. రెస్టారెంటు, కిరాణా దుకాణం వంటి వాణిజ్య పనులకు గడువు 30 పని దినాలు, లైసెన్సున్న ఆర్కిటెక్టు లేదా ఇంజనీరు ముద్ర ఉన్న డ్రాయింగులు కావాలి.

పర్మిట్ వచ్చాక 180 రోజుల్లోపు పని మొదలుపెట్టాలి, మధ్యలో 180 రోజులు ఆపకూడదు. పర్మిట్ కాపీ పని చోటే ఉండాలి. డెక్ కోసం తవ్వే ముందు 811 ఫోన్ నంబరుకు కనీసం మూడు పని దినాల ముందు తెలియజేస్తే భూమిలో ఉన్న గ్యాస్, కరెంటు లైన్లను ఉచితంగా గుర్తు పెట్టి వెళతారు.

ఐదో మెట్టు: తనిఖీలు

ఇళ్లకు నిబంధనల్లో చెప్పిన తనిఖీలు పునాది, ప్లంబింగ్, మెకానికల్, విద్యుత్తు, ఫ్రేమింగ్, గోడ బోర్డు, చివరి తనిఖీ. మీ పనికి ఏవి వర్తిస్తాయో పర్మిట్‌తో పాటు ఇచ్చే పట్టికలో ఉంటుంది. పని సిద్ధమైందని ఏజెన్సీకి చెప్పి పిలవవలసిన బాధ్యత పర్మిట్ తీసుకున్నవారిదే. వాళ్లంతట వాళ్లు రారు. అన్నింటికన్నా ముఖ్యమైన సూత్రం, చూడవలసినదాన్ని చూపించే ముందు కప్పకూడదు. డ్రైవాల్ కొట్టేశాక లోపలి వైరింగ్ చూడలేదని ఇన్‌స్పెక్టర్ అంటే, విప్పి చూపించమనే అధికారం అతనికుంది.

బేస్‌మెంట్ ఫ్రేమింగ్ తనిఖీలో ఎక్కువగా పట్టుబడేది ఫైర్‌బ్లాకింగ్. కాంక్రీటు గోడకు ఒక అంగుళం ఎడంగా కర్ర ఫ్రేము నిలబెడతారు. ఆ సందు కింద నుంచి పైదాకా, గోడ పొడవునా తెరిచి ఉంటే మంటకు చిమ్నీలాగా పనిచేస్తుంది. అందుకే సీలింగ్ దగ్గర ఆ సందును మూయాలి, పొడవు వెంట కూడా ప్రతి 10 అడుగులకు ఒకచోట అడ్డు పెట్టాలి. వైర్లు, పైపులు పైఅంతస్తులోకి వెళ్లే రంధ్రాలను కూడా ఆమోదించిన పదార్థంతో నింపాలి. ఇదంతా రెండు గంటల పని, సామాను ఖర్చు కూడా స్వల్పమే. అయినా కాంట్రాక్టర్లు దీన్ని తరచుగా మరిచిపోతారు. రెండో సాధారణ లోపం ప్లంబర్ చేసేది. పైపు కోసం జాయిస్టుల్లో (పై నేలను మోసే అడ్డ దూలాల్లో) పెట్టే రంధ్రం జాయిస్టు లోతులో మూడో వంతు దాటకూడదు, అంచు నుంచి కనీసం 2 అంగుళాల ఎడం ఉండాలి, జాయిస్టు పొడవులో నడిమి మూడో వంతు భాగంలో అంచున గంటు కొట్టనే కూడదు. బాత్‌రూమ్ డ్రెయిన్ కోసం పై నేలను మోసే జాయిస్టును సగానికి కోసిన ఇళ్లలో, ఇన్‌స్పెక్టర్ ఇంజనీరు డిజైనుతో మరమ్మతు అడిగితే అది వేధింపు కాదు.

అత్యవసర కిటికీ కొలతల్లో ఒక మెలిక ఉంది. తెరిచినప్పుడు వెడల్పు కనీసం 20 అంగుళాలు, ఎత్తు కనీసం 24 అంగుళాలు ఉండాలంటారు గానీ, ఆ రెండు కనీసాలనూ కలిపితే వచ్చేది 3.3 చదరపు అడుగులే. కావలసిన ఖాళీ 5.7 చదరపు అడుగులు, నేల మట్టంలో ఉండేవాటికి 5. కాబట్టి ఏదో ఒక కొలత కనీసం కన్నా బాగా పెద్దదై ఉండాలి. కిటికీ గడప నేల నుంచి 44 అంగుళాలు మించకూడదు. బయటి గొయ్యి వైశాల్యం 9 చదరపు అడుగులు ఉండాలి, లోతు 44 అంగుళాలు దాటితే నిచ్చెన బిగించాలి. కిటికీ కొనే ముందు, తెరిచినప్పటి ఖాళీ ఎంతో తయారీదారు పత్రంలో చూడండి. ఫ్రేము కొలత చూసి కొన్నవాళ్లు తిరిగి మార్చుకోవలసి వస్తుంది. పర్మిట్ తీసుకున్న మార్పు జరిగినప్పుడు ఇంట్లో మిగతా పడక గదుల్లోనూ స్మోక్ అలారంలు ఉన్నాయో లేదో చూస్తారు, అందువల్ల చివరి తనిఖీకి ముందే పైఅంతస్తు గదులను కూడా సరిచూసుకోండి.

డెక్‌లో ఫుటింగ్ గొయ్యిని కాంక్రీటు పోయక ముందే చూపించాలి. మంచుకు నేల ఉబ్బే లోతును టౌన్‌షిప్ నిర్ణయిస్తుంది, చాలా చోట్ల అది 36 అంగుళాలు. లెడ్జర్ బోర్డును కేవలం మేకులతో ఇంటికి బిగించడం ఒప్పుకోరు. బోల్టులు లేదా తగిన స్క్రూలు, వాన నీరు లోపలికి పోకుండా ఫ్లాషింగ్ ఉండాలి. ఇటుక పొర మీదుగా బిగించడమూ కుదరదు. 30 అంగుళాల ఎత్తు దాటిన డెక్ చుట్టూ 36 అంగుళాల ఎత్తు రెయిలింగు ఉండాలి, దాని సందుల్లోంచి 4 అంగుళాల బంతి దూరకూడదు.

తనిఖీ రోజున ఇంట్లో పెద్దవాళ్లు ఒక్కరే ఉండకుండా చూసుకోండి; ఇంగ్లీషు ఇబ్బంది వల్ల ఇన్‌స్పెక్టర్ చెప్పినది సగం సగం అర్థమై కాంట్రాక్టర్ మీద గొడవలు వస్తుంటాయి. ఆమోదించిన డ్రాయింగు చేతిలో ఉంచుకోండి. కప్పబోయే ప్రతి గోడకూ ఫోటోలు తీసి పెట్టుకోండి. భోజనం పెట్టడం, కాఫీ ఇవ్వడం మన మర్యాదే గానీ, నగదు, బహుమతి అన్న మాట మాత్రం పొరపాటున కూడా రాకూడదు.

ఆరో మెట్టు: ఫెయిల్ అయితే

మొదటిసారి ఫెయిల్ కావడం అరుదేమీ కాదు. లోపాలను కోడ్ సెక్షన్ నంబర్లతో రాసి ఇవ్వమని మర్యాదగా అడగండి. సెక్షన్ చూపించలేని మాట చాలాసార్లు ఆ ఇన్‌స్పెక్టర్ సొంత అలవాటు అయి ఉంటుంది. సెక్షన్ ఉన్నది సరిచేసి మళ్లీ పిలవండి. మళ్లీ రావడానికి ఫీజు ఉండవచ్చు. సెక్షన్ అన్వయం తప్పని మీకు గట్టిగా అనిపిస్తే ముందు బిల్డింగ్ కోడ్ అధికారికి రాయండి. అక్కడా తేలకపోతే టౌన్‌షిప్ అప్పీళ్ల బోర్డు ఉంది. కోడ్‌ను తప్పుగా అన్వయించారని, ఆ నిబంధన మీ పనికి వర్తించదని, లేదా మీరు ప్రతిపాదించే పద్ధతి అంతే సమానమైన భద్రత ఇస్తుందని బోర్డు ముందు వాదించవచ్చు. బిల్డింగ్ కోడ్ అధికారి గాని, పాలక మండలి సభ్యులు గాని ఆ బోర్డులో కూర్చోకూడదు. అప్పీలు చేసినంతసేపు, భవనం ప్రమాదకరమైనదైతే తప్ప, సరిచేయాలన్న ఆదేశం అమలు ఆగుతుంది.

ఏజెన్సీ పనితీరు మీద, అంటే ఫోన్ ఎత్తకపోవడం, సర్టిఫికెట్ లేని మనిషిని పంపడం, తనకు లాభమున్న కాంట్రాక్టర్ పనిని తనే తనిఖీ చేయడం వంటి వాటి మీద ఫిర్యాదు వేరే దారిలో వెళ్తుంది. ముందు టౌన్‌షిప్ పాలక మండలికి రాయాలి, ఎందుకంటే ఒప్పందం వాళ్లది. సర్టిఫికెట్ రద్దు చేయగలిగేది రాష్ట్ర శాఖ. ఈ రెండు దారులను కలిపేసి, అప్పీళ్ల బోర్డు ముందు ఇన్‌స్పెక్టర్ మాటతీరు గురించి చెప్పుకుంటే ప్రయోజనం ఉండదు.

ఆదేశాలను పట్టించుకోకపోతే కోర్టులో రుజువైన ఉల్లంఘనకు 1,000 డాలర్ల వరకు జరిమానా, ఖర్చులు పడతాయి. ప్రతి రోజూ వేరే ఉల్లంఘనగా లెక్కిస్తారు.

చివరి తనిఖీ, పాత పనులు

అన్నీ సరిగ్గా ఉన్నాయన్న చివరి నివేదిక అందిన ఐదు పని దినాల్లోపు ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ఆ భాగాన్ని వాడుకోవచ్చన్న ధ్రువపత్రం) ఇవ్వాలి. ఈ కాగితం చేతికి రాకముందే కాంట్రాక్టర్‌కు చివరి విడత డబ్బు ఇవ్వకండి. చివరి తనిఖీ అడగకుండా మరిచిపోయిన పర్మిట్లు టౌన్‌షిప్ ఫైల్లో తెరిచే ఉండిపోయి, ఇల్లు అమ్మేటప్పుడు బయటపడతాయి.

ముందున్న యజమాని పర్మిట్ లేకుండా చేసిన బేస్‌మెంట్‌తో ఇల్లు కొన్నవాళ్లూ ఉన్నారు. హైదరాబాదులో అయితే క్రమబద్ధీకరణ పథకం ఎప్పుడో ఒకప్పుడు రాకపోతుందా అని ఎదురుచూసే అలవాటు ఉంది. ఇక్కడ అలాంటిదాన్ని నమ్ముకుని కూర్చోవడం దండగ. టౌన్‌షిప్‌లో ఆలస్యంగానైనా పర్మిట్‌కు దరఖాస్తు చేసుకుంటే, కొన్ని చోట్ల గోడ బోర్డు విప్పి చూపించి సరిచేసుకోవచ్చు. కొనేటప్పుడు మీరు పెట్టుకున్న హోమ్ ఇన్‌స్పెక్టర్ రిపోర్టు దీనికి ప్రత్యామ్నాయం కాదు, అతనికి కోడ్ అధికారమేమీ లేదు.

ఆ ఇంటికి గతంలో ఏ పర్మిట్లు ఉన్నాయో తెలుసుకోవడానికి రాష్ట్ర సమాచార హక్కు చట్టం కింద టౌన్‌షిప్ ఓపెన్ రికార్డ్స్ అధికారికి దరఖాస్తు పెట్టండి. ఐదు పని దినాల్లోపు జవాబివ్వాలి, అవసరమైతే ఇంకో 30 రోజులు పొడిగించుకోవచ్చు. ఫైలు తమ దగ్గర లేదు, ఏజెన్సీ ఆఫీసులో ఉందని చెబితే ఒప్పుకోకండి. ప్రభుత్వ పనిని ఒప్పందం మీద చేసే సంస్థ దగ్గరున్న, ఆ పనికి నేరుగా సంబంధించిన రికార్డులు టౌన్‌షిప్ రికార్డుల కిందికే వస్తాయని ఆ చట్టంలోని 506వ సెక్షన్ చెబుతుంది, వాటిని తెప్పించి ఇవ్వవలసింది టౌన్‌షిప్పే.